ఎడమ కంటి నీలం

జూన్ 3, సోమవారం

ఈ రోజు నేనే గెలిచాను. నా బల్ల మీది బల్బు మార్పించాను. ఆ వెలుగు మురికిగా ఉంది, దాని కింద ఏ నీలం పెట్టినా బూడిద పూసినట్టు కనిపిస్తోందని నెల రోజుల నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. సార్ వినీ విననట్టు ఊరుకున్నారు. ఇవాళ ఎలక్ట్రీషియన్ ఫ్యాను పని మీద వస్తే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టాను. "అమ్మా, పాతది బాగానే వెలుగుతోంది కదా" అని గొణిగాడు. వెలిగితే చాలదు నాయనా, రాయి కనపడాలి అన్నాను.

కొత్త బల్బు కిందా బూడిదగానే ఉంది. అంటే తప్పు బల్బుది కాదు, ఎదుటి మేడది. చెప్పుల షాపాయన ఆ మేడకి పసుపు రంగు కొట్టించాడు. మా రత్నాల పరీక్ష గదికి ఉన్నది ఒకటే కిటికీ, ఉత్తరం వైపు. పొద్దున పది నుంచి పదకొండు దాకా అందులోంచి వచ్చే వెలుగులో ఇరవై ఆరేళ్ళుగా నీలాల రంగు చెబుతున్నాను. ఎదురుగా ఇంత పసుపు గోడ నిలబెడితే నీలం బూడిదవక ఏమవుతుంది? ఈ ముక్క ఆఫీసులో ఒక్కరి బుర్రకూ ఎక్కదు. నేను గోడ మాట ఎత్తగానే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

మార్చిలో ఒక నీలం మీద నేను "బూడిద ఛాయ" అని రాసింది ఆ గోడ వల్లే. రాయి గలాయన ఇంకోచోట చూపించుకుని, అది మచ్చ లేని నిండు నీలమని రాయించుకొచ్చి, ముందు గదిలో నిలబడి పై కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటికి రిపోర్టుల మీద సంతకం చేసే పెన్ను నా బల్ల మీంచి పెన్సిలమ్మ బల్ల మీదికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నా పని రాళ్ళు తూచి, కాగితంలో మడిచి, సీలు వెయ్యడం. ఇరవై ఆరేళ్ళ అనుభవంతో పొట్లాలు కడుతున్నాను.

పెన్సిలమ్మ అంటే కొత్తమ్మాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, పెన్సిలేది పెన్సిలేదని బల్లంతా వెతుక్కుంటుంది. పెద్ద చదువు, యంత్రాలన్నీ తెలుసు. నన్ను ఆంటీ అంటుంది. ఆఫీసులో ఆంటీ ఏమిటి?

నా కళ్ళకేం కాలేదు.

జూన్ 4, మంగళవారం

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. కొత్త యూనిఫాం ఇచ్చారు. వెలిసిపోయిన చొక్కాలు అంటగడుతుంటే నోరు మెదపరేమండీ అని అడిగాను. "నీలంగానే ఉంది కదోయ్" అన్నారు. ఏది నీలమో ఎవరికి చెబుతున్నారు, నాకా? కాసేపు నా మొహంలోకి చూసి "సరేలే, నువ్వన్నదే రైటు" అని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు. ఇక్కడా నేనే గెలిచాను.

జూన్ 6, గురువారం

ఇవాళ ఒక దర్జీ ఆవిడ వచ్చింది. వెనకే ఆవిడ మరిది. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారట, కానీ కూర్చోవడం ఈ చివరొకరు, ఆ చివరొకరు. ఆవిడ కొంగు ముడి విప్పి పొట్లం నా బల్ల మీద పెట్టింది. వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి.

"మా అత్తగారి ఉంగరంలో రాయి అక్కా ఇది" అంది.

"ఉంగరంలో ఉన్నది ఇదో కాదో తేలాలనే వచ్చాం" అన్నాడు మరిది.

అత్తగారు నాలుగేళ్ళు మంచం మీద ఉంది. చేసిందంతా ఈవిడే. పోయే ముందు ఉంగరం తీసి ఈవిడ చేతిలో పెట్టి, అందరూ కూర్చుని తేల్చుకునేదాకా నీ దగ్గరే ఉంచు అందట. ఆవిడ పోయాక కంసాలి ఉంగరం విప్పి చూస్తే రాయి పక్క నుంచి తెల్లగా ఉంది, నీలమంతా కింది మొనలోనే ఉంది, రాయి నడుము చుట్టూ, పై సగం కింది సగం కలిసేచోట, గీత ఉంది. పైన తెల్లరాయి, కింద నీలం ముక్క, మధ్యలో జిగురు, ఇది అతుకు రాయి అనేశాడు. అసలు రాయిని వదిన మార్చేసిందని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి.

"నేనేమన్నాను వదినా? రాయి మారిందన్నాను. ఎవరు మార్చారో అన్నానా?" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఒళ్ళు మండిపోయింది నాకు. నా పని తూకం వరకే కాబట్టి తూచాను. మూడు క్యారెట్ల నలభై సెంట్లు. వచ్చే బుధవారం సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుంటున్నారట, ఆలోపు రిపోర్టు కావాలి. మరిది బయటికి నడిచాక ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి, "దొంగ అనిపించుకుని వీళ్ళతో ఒకే కప్పు కింద ఎలా ఉండనక్కా?" అంది. ఏమీ కాదులెండి అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలీదు. సంతకం లేని మనిషిని.

జూన్ 7, శుక్రవారం

పెన్సిలమ్మ రోజంతా ఆ రాయితో కుస్తీ పట్టింది. యంత్రం సహజ నీలమే అంటోంది. కానీ యంత్రం చదివేది పై ముఖాన్నే, అతుకు రాళ్ళలో పైభాగం అసలుదే పెట్టే మాయగాళ్ళు ఉంటారు. నడుము చుట్టూ ఆ గీత మాత్రం మైక్రోస్కోపులో స్పష్టంగా ఉందట, గోధుమరంగులో, జిగురులాగే. అది అడ్డం పడి లోపలిది కనపడటం లేదట.

"అతుకు అని రాసేద్దామా?" అన్నారు సార్. "నాకింకా నమ్మకం కుదరలేదు సార్" అంది ఆ పిల్ల. ఫరవాలేదు, వెన్నెముక ఉంది.

నేనూ ఒకసారి లెన్స్ పెట్టి చూశాను, ఎవరూ లేనప్పుడు. బూడిద. ఏమీ తేలలేదు. గోడ.

జూన్ 8, శనివారం

చెప్పుల షాపాయనకి రెండో ఉత్తరం రాశాను, పసుపు తీయించి తెలుపు వేయించమని. మొదటిదానికి జవాబు వచ్చింది. "అమ్మా, మేము ఏడేళ్ళుగా గోడకి ఏ రంగూ వేయలేదు." అబద్ధానికి అంతు ఉండాలి. ఎదురుగా కనపడుతుంటే!

జూన్ 10, సోమవారం

పొద్దున పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కుడి కన్ను నలుపుకున్నాను. మంట చూడాలి! ఎన్ని నీళ్ళు కొట్టినా తగ్గలేదు. ఒంటి కన్నుతోనే ఆఫీసుకి వెళ్ళాను.

పదిన్నరకి పెన్సిలమ్మ నీలం పొట్లం తెచ్చి, "మళ్ళీ మడిచి పెట్టండాంటీ" అని వెళ్ళింది. మడవబోతూ అలవాటు కొద్దీ లెన్స్ ఎత్తాను. నాకు నేర్పిన మాస్టారు మొదటిరోజే లెన్స్ కుడి కంటికి పెట్టించారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కుడి కన్నే. ఇవాళ అది తెరుచుకోక ఎడమ కంటికి పెట్టాను. చెయ్యి కుదరక పట్టకారు రెండుసార్లు సర్దుకున్నాను.

నీలం.

నిండు నీలం. అంచుల్లో లేశంగా ఊదా మొగ్గు. అదే కిటికీ, అదే గోడ, అదే గంట. నేను ఆ రంగు చూసి ఎంత కాలమైందో! ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

బాత్రూంలో కన్ను మళ్ళీ కడుక్కుని, మంట తగ్గేదాకా ఆగి కుడి కంటితో చూశాను. బూడిద. ఎడమ, నీలం. కుడి, బూడిద. ఎడమ, నీలం. చిన్నపిల్లలా పదిసార్లు ఆడాను ఆ ఆట.

తర్వాత భయపడటం మానేసి పని చేశాను. తెల్లగాజు గిన్నెలో గ్లిజరిన్ పోసి, రాయిని పక్కకి పడుకోబెట్టి, కింద నుంచి దీపం పెట్టి ఎడమ కంటితో చూశాను. నడుము గీత ఒకచోట, ఆవగింజంత మేర, అరిగి పలచబడింది. ఆ సందులోంచి చూస్తే పట్టుదారాల్లాంటి సన్న గీతలు. సహజ నీలాల్లో ఉండే గీతలు, వాటిని మేం పట్టు అనే అంటాం. అందులో ఒక దారం పైభాగంలో మొదలై, నడుము దాటి, కింది భాగంలోకి వెళ్ళింది. తెగలేదు, పక్కకి జరగలేదు.

అతుకైతే అలా ఎలా వెళ్తుంది? మరి ఆ గోధుమ గీత ఏమిటి? పాత ఉంగరాల్లో రాయి కదలకుండా కింద లక్క నింపేవాళ్ళు. రాయి తీసినా లక్క నడుముని పట్టుకునే ఉంటుంది. కంసాలి దాన్నే జిగురు అనుకున్నాడు.

ఇంత తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను. చెబితే, ఏ కంటితో చూశావని అడుగుతారు.

జూన్ 11, మంగళవారం

ఆయన చొక్కా ఆరేస్తూ కుడి కన్ను మూసుకున్నాను. కొత్త చొక్కానే.

నా కళ్ళకేం కాలేదు. ఒక కంటికి.

జూన్ 12, బుధవారం

అంతా వరసగా రాయాలి. ఒక్క ముక్క కూడా వదలకూడదు.

పది గంటలకే ఇద్దరూ వచ్చారు. సాయంత్రం ఇంట్లో పంచాయితీ. సార్ గొంతు సవరించుకుని, "చూడండమ్మా, నడుము దగ్గర జిగురు ఉన్నట్టు కనిపిస్తోంది, మేం ఖాయంగా చెప్పలేం..." అని మొదలుపెట్టారు. ఖాయంగా చెప్పలేం అనే మాటని ఆ మరిది చేతిలో పెడితే సాయంత్రానికి ఏమవుతుంది?

"జిగురు కాదు సార్, లక్క" అన్నాను. పొట్లాల బల్ల మీంచి లేచి నిలబడ్డాను. "స్పిరిట్‌లో వేస్తే అరగంటలో కరిగిపోతుంది."

"వేస్తే, అది జిగురే అయితే? రెండు ముక్కలై చేతిలోకొస్తే మన మెడకి చుట్టుకుంటుంది."

"ముక్కలు కాదు. పట్టు నడుము దాటి వెళ్ళింది. నేను చూశాను."

మరిది నవ్వాడు. "ఈవిడేనా, నీలాన్ని బూడిద అని రాసిందని చెప్పుకునేది? సంతకం కూడా తీసేశారటగా?"

తల కొట్టేసినట్టయింది. ఇంకో రోజైతే అతన్ని కడిగిపారేసేదాన్ని. కానీ ఆవిడ వేళ్ళు కొంగుని మెలిపెడుతున్నాయి. నేను నెగ్గితే చాలదు, నన్ను నమ్మాలి.

"అవును, నేనే" అన్నాను. "నా కుడి కన్ను నీలాన్ని బూడిదగా చూపిస్తోంది. ఎన్నాళ్ళ నుంచో తెలీదు. ఎదుటి గోడ తప్పు కొంత ఉంది, కానీ కంటి తప్పే ఎక్కువ. మొన్న సోమవారం తెలిసింది, సిగ్గుపడి రెండు రోజులు దాచాను. రంగు గురించి నా మాట నమ్మకండి. కానీ దారం రంగు కాదు. తెగిందా లేదా అన్నది చూడటానికి రంగుతో పని లేదు. ఎడమ కంటితో చూశాను, ఈ అమ్మాయిని కూడా చూడమనండి."

సార్ నా వైపు చూసిన చూపు నాకు ఈ జన్మకి గుర్తుంటుంది. కోపం కాదు. "ఎంత పని చేశారమ్మా, ముందే చెప్పకూడదా?" అన్నారు, అంతే.

పెన్సిలమ్మ అప్పటికే గిన్నెలో గ్లిజరిన్ పోస్తోంది. ఎక్కడ చూడాలో చూపించాను. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత, "ఉంది! ఆంటీ, ఉంది! ఇన్నాళ్ళూ గీత మొత్తాన్నే చూశాను, అరిగిన చోటుని చూడలేదు" అని అరిచింది. ముడిలోంచి పెన్సిలు జారి గిన్నెలో పడబోయింది.

"మీ ఆఫీసువాళ్ళు మీరూ మీరూ చూసుకుంటే అయిపోయిందా?" అన్నాడు మరిది.

"నేను చూడొచ్చా?" అంది దర్జీ ఆవిడ.

కుర్చీలో కూర్చోబెట్టి, మైక్రోస్కోపు ఆవిడ కంటికి సరిచేశాను. పైనుంచి కిందికి ఒక సన్న దారం కనిపిస్తుంది చూడండి అన్నాను. ఆవిడ వంగి చూసింది. ఇంతలో ఆవిడ గొంతు మారిపోయింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆవిడ గొంతు అలాగే ఉంటుందనుకుంటాను.

"ఇది అతుకు కాదు. ఒకే బట్ట. రెండు ముక్కలు ఎంత నేర్పుగా కలిపి కుట్టినా నేత దారం కుట్టు దగ్గర కలవదు, ఎక్కడో ఒకచోట జరిగిపోతుంది. పాతికేళ్ళుగా అవే కుడుతున్నాను. ఇది జరగలేదు." తల తిప్పి మరిదిని చూసింది. "వెయ్యమనండి స్పిరిట్‌లో. ముక్కలైతే దొంగని నేనే అని రాసిస్తాను."

సార్ స్పిరిట్ సీసా తెచ్చి నా ముందు పెట్టారు. నా ముందే పెట్టారు, పెన్సిలమ్మ ముందు కాదు. రాయిని వేశాను. అరగంట. ఎవరూ టీ ముట్టుకోలేదు. స్పిరిట్ మెల్లగా టీ రంగుకి తిరిగింది. పట్టకారుతో తీసి, మెత్తటి బ్రష్షుతో నడుము చుట్టూ ఒక్కసారి రుద్ది, తెల్ల కాగితం మీద పెట్టాను.

ఒకే రాయి! గీత లేదు, గీత జాడ కూడా లేదు!

ఇప్పుడు పక్క నుంచి మొత్తం కనపడింది. రంగు తిన్నని పట్టీలుగా, తేనెపట్టు గదుల మూలల్లా మలుపులు తిరిగి ఉంది. మనుషులు చేసిన రాయిలో పట్టీలు వంకర తిరుగుతాయి, తిన్నగా రావు. పట్టుదారాలు ఎక్కడా చిట్లి చుక్కలు కాలేదు, అంటే దీన్ని ఎవరూ కొలిమిలో కాల్చి రంగు తెప్పించలేదు. కోసినవాడు గట్టివాడు. రాయంతా పాలిపోయి ఉంటే, ఉన్న కాస్త నీలాన్నీ కింది మొనకి వచ్చేలా కోశాడు. పైనుంచి చూస్తే ఆ కాస్తే రాయంతా పరుచుకుంటుంది. కంసాలి అదే చూసి ఈవిడని దొంగని చేశాడు.

మరిది మళ్ళీ మొదలుపెట్టాడు. "నేనేమన్నాను వదినా..."

"రాయి మారిందన్నావు. మారలేదని సాయంత్రం అందరి ముందూ నువ్వే చెప్పు" అంది ఆవిడ. "నువ్వు చెప్పకపోయినా ఈ కాగితం చెబుతుంది."

రిపోర్టు రాశాం. సహజ నీలం, ఏకశిల, కాల్చనిది. బరువు, కోత, నిర్మలత అన్నీ నేనే రాశాను. రంగు గడి ఖాళీగా వదిలి, "ఇది నువ్వు రాయమ్మా" అన్నాను. పెన్సిలమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకొచ్చి, "నిండు నీలం, స్వల్పంగా ఊదా" అని రాసింది. నేను ఎడమ కంటితో చూసిందీ అదే! పైకి అనలేదు.

సార్ పెన్ను నా వైపు జరిపారు. కింద రెండు సంతకాలు పడ్డాయి, నాది ముందు.

దర్జీ ఆవిడ వెళ్తూ వెళ్తూ నా జాకెట్టు భుజం పట్టుకుని చూసి, "ఈ కుట్టు ఎవరు వేశారక్కా, దారుణంగా ఉంది, రేపు తీసుకురండి" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

జూన్ 13, గురువారం

నిన్న సాయంత్రం మరిది అందరి ముందూ చెప్పాడట. గొణిగాడట, మళ్ళీ గట్టిగా చెప్పించారట. ఉంగరం ఆవిడ దగ్గరే ఉండాలని అందరూ అన్నారట. జాకెట్టు విప్పి మళ్ళీ కుడుతూ చెప్పింది. కడుపు నిండిపోయింది నాకు.

జూన్ 17, సోమవారం

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. శుక్లం. బాగా ముదిరిందట, పసుపు పచ్చగా అయి నీలాన్ని లోపలికి రానివ్వడం లేదట. "దీంతో ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారమ్మా?" అన్నారు. వాదించి నెట్టుకొచ్చానండీ అన్నాను. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

ఆయనకి చొక్కా నాడే అనుమానం వచ్చిందట. చెబితే ఇల్లు పీకి పందిరేస్తావని ఊరుకున్నాను అన్నారు. వేసేదాన్నే.

జూలై 2, మంగళవారం

కుడి కంటికి ఆపరేషన్ అయి అయిదు రోజులు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, రాయొద్దన్నారు. ఒక్క ముక్క రాసి ఆపేస్తాను. మా ఆయన ఆ చొక్కాలో గుమ్మంలో నిలబడితే కళ్ళు చెదిరిపోయాయి. అంత నీలం వేసుకుని బస్సుల కింద దూరుతున్నారా ఇన్నాళ్ళూ!

జూలై 9, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళాను. నా బల్ల నాకిచ్చారు. బల్ల మీద పెన్ను. పక్కనే పెన్సిలు కూడా ఉంది, ఆ పిల్ల కానుకట. "మేడం" అంది. ఆంటీ అనే పిలువు, పరవాలేదు అన్నాను.

పది గంటలకి మొదటి నీలం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. తల ఎత్తాను.

ఎదుటి మేడ తెల్లగా ఉంది.

ఎడమ కన్ను మూసి చూశాను. మల్లెపువ్వులా తెలుపు. కుడి కన్ను మూసి చూశాను. పసుపు. లేతగా, కానీ పసుపే. నేను ఎంతో మురిసిపోయిన నా ఎడమ కన్ను! అదీ అబద్ధాలకోరే, కాకపోతే కొంచెం చిన్నది.

"సార్, ఆ గోడ ఎప్పుడూ తెలుపేనా?" అని అడిగాను. సార్ పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది. పెన్సిలమ్మ బల్ల కింద పెన్సిలు వెతుక్కుంటున్నట్టు వంగింది. అది జుట్టులోనే ఉంది.

మధ్యాహ్నం రోడ్డు దాటి చెప్పుల షాపుకి వెళ్ళాను, రెండు ఉత్తరాలకీ క్షమాపణ చెబుదామని. ఆయన వీధిలో నిలబడి పైకి చూస్తున్నాడు. నిచ్చెన మీద పెయింటరు. పక్కన తెల్ల రంగు డబ్బా.

"రండమ్మా" అన్నాడు ఆయన, చేతులు జోడించి. "మీ ఉత్తరాల పోరు పడలేక తెలుపు వేయించేస్తున్నాను. పని మొదలెట్టినప్పటి నుంచి పెయింటరు నన్ను తిడుతున్నాడు, తెలుపు మీద తెలుపేమిటని. ఎంతవరకు వేశాడో నాకూ తెలియడం లేదు, అతనికీ తెలియడం లేదు."

సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. తల ఎత్తి గోడ చూశాను, కుడి కంటితో. ఏడేళ్ళ పాత తెలుపు ఎక్కడ ఆగిందో, కొత్త తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపించింది.

"రెండో అంతస్తు కిటికీ దాకా వేశారు" అన్నాను. "ఆ ఎడమ మూల రెండు జానల మేర వదిలేశారు, చూసుకోమనండి."

పెయింటరు మూల దగ్గరికి జరిగి వేలితో తాకి చూశాడు. గోడ పొడిగా ఉంది. కిందికి తిరిగి నన్ను చూసి, బ్రష్షు ఎత్తి సలాం కొట్టాడు.